ఆంగ్లప్రభువుల వంశవృక్షములు: కోఠీ రెసిడెన్సీలో మొలిచిన యొక కొమ్మ

షేక్‌పేట పరిసరముల బాలురకు వంశావళులు క్రొత్తవి కావు. ఫిలింనగరు మనకు కూతవేటు దూరమున నున్నది. ఏ కథానాయకుడు ఏ నిర్మాతకు మనుమడో, ఏ గాయని ఏ సంగీతదర్శకునకు కోడలో మా యెనిమిదవ తరగతి విద్యార్థులు తడుముకొనక చెప్పగలరు. ఆ విద్యార్థులే ఇంగ్లండు చరిత్రయందలి హెన్రీలను ఎడ్వర్డులను పరీక్షపత్రములలో నొకరి సింహాసనముపై నొకరిని కూర్చుండబెట్టుచుందురు. ఈ సంవత్సరము చరిత్రపాఠము జరుగుచుండగా వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "ఈ దొరలు తమ తాతముత్తాతల పేర్లు ఎనిమిదివందల యేండ్ల వెనుకకు చెప్పుకొందురు గదా, అవి నిజమని యెట్లు తెలియును?" అని యడిగెను. అప్పుడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తికరముగ లేకపోయెను. ఆ బాలునకు మేము పడియున్న బాకీని ఈ సంచికలో తీర్చుకొనుచున్నాము.

దూరదేశపు సంగతికి పోవుటకు ముందు మన యింటిముంగిట నున్న వంశవృక్షమును చూడుడు. షేక్‌పేటలోని కుతుబ్‌షాహీల కాలపు సరాయిని దాటి గోలకొండ దిక్కుగా పోయినచో కుతుబ్‌షాహీ సమాధులు కనబడును. 1543లో మరణించిన సుల్తాన్ కులీ మొదలు 1672లో మరణించిన అబ్దుల్లా వఱకు ఆ వంశపు రాజులు అచ్చట నిద్రించుచున్నారు. రాతిపై చెక్కిన పేరును తేదీని చదివి ఎవరి వెనుక ఎవరు వచ్చిరో తెలిసికొనవచ్చును. ఐనను రాతివరుసను మాత్రమే నమ్ముకొన్నవాడు రెండుచోట్ల పొరబడును. వంశమున కడపటివాడగు అబుల్ హసన్ తానాషా ఆ వరుసలో లేడు. 1687లో గోలకొండ పడిపోయిన పిమ్మట నాతడు ఔరంగజేబునకు బందీయై దౌలతాబాదు కోటలో ప్రాణము విడిచెను. రెండవ పొరబాటు ఇంతకంటె సూక్ష్మమైనది. హైదరాబాదు నగరమును నిర్మించిన ముహమ్మద్ కులీ తరువాత ఆతని సోదరుని కుమారుడు సుల్తాన్ ముహమ్మదును, ఆతని తరువాత అబ్దుల్లాయు రాజులైరి. రాజుల పట్టికలో నింతియే యుండును. ముహమ్మద్ కులీ కుమార్తె హయాత్ బక్షీ బేగము సుల్తాన్ ముహమ్మదునకు భార్యయు, అబ్దుల్లాకు తల్లియు నైనది. పట్టికలో ఆమె పేరుండదు. ఆమెను తీసివేసినచో నగరనిర్మాత రక్తము అబ్దుల్లాకు చేరు త్రోవయే లేదు. ఆమె సమాధి మాత్రము అచ్చటనే, రాజుల సమాధులకు తీసిపోని పరిమాణముతో నిలిచియున్నది. ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొని ఇంగ్లండునకు పోదము.

ఆ దేశమున ప్రభుపదవు లయిదు: డ్యూకు, మార్క్విసు, ఎర్లు, వైకౌంటు, బారను. వీని క్రింద బారనెట్టు అను బిరుదము కలదు. ధనావసరము కలిగి మొదటి జేమ్సు రాజు 1611లో దానిని కల్పించెను. తండ్రినుండి కొడుకునకు సంక్రమించునేగాని, దానివలన ప్రభుసభలో పీఠము లభింపదు. పదవియు పెద్ద భూస్థితియు సాధారణముగ జ్యేష్ఠపుత్రునకే చెందును. మన జమీందారీలయందును ఇట్టి యాచారమే పెక్కింట నుండెను. పిఠాపురపు దత్తతవ్యాజ్యము వంటివి లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయినది అందువలననే. తక్కిన కొడుకులు సైన్యములోనో, చర్చిలోనో, న్యాయస్థానములలోనో బ్రతుకుదెరువు వెదకికొనవలెను. అట్టివారిలో పలువురు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి మద్రాసులోను కలకత్తాలోను దిగిరి. కావుననే ఆంగ్లకుటుంబముల వంశవృక్షములకు మన దేశమున కొమ్మలు మొలిచినవి.

వంశవృక్షమనగా వారికి గోడకు తగిలించు అలంకారము మాత్రమే కాదు. 1999లో చట్టము మారి, తొంబదియిద్దరు తప్ప వంశపారంపర్యప్రభువులు సభనుండి తొలగింపబడువఱకు, శాసననిర్మాణమున ఓటుహక్కు సయితము దానిపై నాధారపడియుండెను. టిచ్‌బోర్న్ వ్యాజ్యము దీనికి మంచి నిదర్శనము. టిచ్‌బోర్న్ బారనెట్టు వంశపు కుమారుడు రోజరు 1854లో సముద్రమున మునిగిపోయెను. తల్లి ఆ మాట నమ్మక పత్రికలలో ప్రకటనలు వేయించెను. పండ్రెండేండ్లకు ఆస్ట్రేలియాలోని వాగావాగా అను నూరినుండి యొక కసాయివాడు, తానే రోజరునని బయలుదేరెను. తల్లి యాతనిని కొడుకుగ నంగీకరించెను. తక్కిన బంధువులంగీకరింపలేదు. 1871 మొదలు 1874 వఱకు రెండు వ్యాజ్యములు నడచి, తుదకు న్యాయస్థానము వానిని ఆర్థర్ ఆర్టన్ అను వంచకునిగ నిర్ణయించి పదునాలుగేండ్ల కారాగారము విధించెను. కన్నతల్లి సాక్ష్యము సయితము చాలకపోయినప్పుడు తక్కిన సాక్ష్యములను ఎంత జాగ్రత్తగ పరీక్షింపవలయునో విద్యార్థు లూహింపవచ్చును.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వత్తము. ఎనిమిదివందల యేండ్ల పేర్లు అన్నియు నిజములు కావు. తరువాతి కాలమునకు వచ్చుకొలది ఆధారములు గట్టిపడును. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చియందును జ్ఞానస్నానములను వివాహములను ఖననములను పుస్తకమున వ్రాసి యుంచవలయునని యాజ్ఞాపించెను. ఎలుకలును చెదలును తడియు తిన్నవి పోగా మిగిలిన యా పుస్తకములే ఇంగ్లండు వంశశోధకులకు మొదటి నిధి. 1837 జూలైనుండి ప్రభుత్వమే జననమరణములను నమోదు చేయుచున్నది. రెండవ నిధి మరణశాసనములు. చచ్చువాడు తన యాస్తి ఎవరికి పోవలయునో వ్రాయునప్పుడు బంధుత్వములను స్పష్టముగ చెప్పును. మఱచిపోయినవారిని తిట్టినవారిని సయితము అందులో చూడవచ్చును. 1858 వఱకు ఈ శాసనములను చర్చి న్యాయస్థానములు భద్రపఱచినవి. మన దేశమున పుట్టి పెండ్లాడి చచ్చిన ఆంగ్లేయుల జాబితాలు బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానులకు వేర్వేరుగ లండనునకు పంపబడి యిప్పటికిని బ్రిటిష్ లైబ్రరీయందున్నవి.

వీని మీద అచ్చుపుస్తకములు పుట్టినవి. డెబ్రెట్ గారి ప్రభువంశావళి 1802లోను, బర్క్ గారిది 1826లోను మొదట వెలువడినవి. ఈ రెంటిని చదువునప్పుడు కొంత ఉప్పు చేతనుంచుకొనవలెను. మన భట్రాజులు తమ ప్రభువునకు సూర్యవంశముననో చంద్రవంశముననో మూలపురుషుని చూపినట్లే, ఆ దేశపు వంశావళీకర్తలును 1066లో నార్మన్ విలియముతో ఓడ దిగిన వీరుని నొకనిని ప్రతి క్రొత్తధనికునకును కానుకగ నిచ్చుచు వచ్చిరి. కుటుంబములు పంపిన కథలను బర్క్ పుస్తకము పెక్కుసారులు పరీక్ష లేకయే అచ్చొత్తినది. పందొమ్మిదవ శతాబ్దాంతమున హొరేస్ రౌండ్ అను పండితుడు ఇట్టి కల్పితమూలముల నొక్కటొక్కటిగ పెకలించివైచెను. ఆతనికి శత్రువులు మెండైరనుటలో వింత లేదు. కోకేన్ గారు 1887 మొదలు 1898 వఱకు ఎనిమిది సంపుటములుగ ప్రకటించిన సమగ్ర ప్రభువంశావళి, ఆధారము లేని మాటను త్రోసిపుచ్చు పద్ధతిని గట్టిపఱచినది. మన దేశమున నెలటూరి వేంకటరమణయ్యగారు 1939లో వెలుగోటివారి వంశావళిని శాసనములతో పోల్చి పరిష్కరించిరి. అదియు ఇట్టి శ్రమయే.

పద్ధతి చెప్పుట సులభము. తెలిసినవానినుండి తెలియనివానికి, అనగా మనుమనినుండి తాతకు, ఒక్కొక్క మెట్టే పైకి పోవలెను. ప్రసిద్ధుడైన తాత నెవనినో పట్టుకొని క్రిందికి దిగుటకు యత్నించువాడు తప్పక తనయింటికే దిగును! ఇంటిపేరు ఒక్కటైనంతమాత్రమున కుటుంబము ఒక్కటి కాదను సంగతి మన తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకే యింటిపేరు మూడు కులములలో నుండుట మన మెఱుగనిదా?

పుస్తకములు దాచిన సంగతి యొకటి కలదు. పదవి మగవాని వెంబడి పోవును గావున వంశవృక్షము మగవారి చెట్టుగనే గీయబడెను. స్త్రీ "ఫలానావాని కుమార్తె" అని యొక ముక్కతో ముగియును. మన కాలమున రక్తపరీక్షలు, అనగా డీఎన్‌ఏ పరీక్షలు, వచ్చిన తరువాత ఈ మగచెట్టు ఎంత గట్టిదో తెలిసిపోయినది. 1485లో యుద్ధమున చచ్చిన మూడవ రిచర్డు రాజు ఎముకలు 2012లో లెస్టరు నగరమున మోటారుబండ్లు నిలుపుచోట త్రవ్వగా దొరకినవి. తల్లినుండి బిడ్డలకు మాత్రమే సంక్రమించు డీఎన్‌ఏ భాగమును ఆతని సోదరి స్త్రీసంతతిలోని జీవించియున్నవారితో పోల్చగా సరిపోయినది. తండ్రినుండి కొడుకునకు వచ్చు భాగమును, పుస్తకముల ప్రకార మాతని జ్ఞాతులగు బోఫోర్ట్ డ్యూకుల శాఖలోని యయిదుగురు పురుషులతో పోల్చగా ఒక్కరితోను సరిపోలేదు. 2014లో ప్రకటితమైన యీ ఫలితమునుబట్టి, ఆ తరములలో ఎచ్చటనో పుస్తకము చెప్పిన తండ్రి నిజమైన తండ్రి కాడని తేలినది. పుస్తకములలో మూలమూలల నున్న తల్లులవరుస నిజమైనది. బంగారు అక్షరములతో వ్రాసిన తండ్రులవరుస తెగినది.

ఇట్టిదే మన దేశపు సంగతియు నొకటి కలదు. వేల్సు రాజకుమారి డయానా తల్లివైపు పూర్వీకురా లొకతె సూరతు పట్టణమున థియొడోర్ ఫోర్బ్స్ అను కంపెనీ ఉద్యోగితో నివసించిన ఎలైజా కెవార్క్. ఆమె ఆర్మీనియా జాతిస్త్రీ యని కుటుంబములో చెప్పుకొనుచు వచ్చిరి. 2013లో ఆమె స్త్రీసంతతివారికి జరిపిన పరీక్షలో తల్లివరుస డీఎన్‌ఏ భారతదేశపుదని ప్రకటింపబడెను. ఇంగ్లండు సింహాసనమునకు వారసుడైన విలియము దేహమున ఆ సూరతు స్త్రీ గుర్తు కలదన్నమాట.

ఇక సూరతు వఱకు పోనేల? మన కోఠీలోనే, తల్లిని చెట్టునుండి రాల్చివేయుట యెట్లు జరుగునో, మరల నతికించుట యెట్లు సాధ్యమగునో చూపు నిదర్శన మున్నది. మేము మా విద్యార్థులతో ఈ సంవత్సరము శ్రద్ధగ పరిశీలించినది అదియే.

కోఠీలోని రెసిడెన్సీ భవనమును చూడని హైదరాబాదువారు తక్కువ. 1803 ప్రాంతమున దాని నిర్మాణమునకు పూనుకొన్నవాడు నిజాము దర్బారున కంపెనీ రెసిడెంటుగ నుండిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1949లో మహిళాకళాశాల ఆ భవనమునకు వచ్చెను. ఇప్పుడచ్చటి మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఈ యొక్క కట్టడమునందే ఇంటిపేళ్ల ఉచ్చులు రెండున్నవి. భవనపు నమూనా వేసిన యింజనీరు శామ్యూల్ రస్సెల్. 1811 మొదలు 1820 వఱకు అందు నివసించిన రెసిడెంటు హెన్రీ రస్సెల్. వీరిద్దరు బంధువులు కారు. మొదటివాడు చిత్రకారుని కుమారుడు, రెండవవాడు బెంగాలు ప్రధానన్యాయమూర్తి కుమారుడు. అట్లే కిర్క్‌పాట్రిక్కులలో రెసిడెంట్లిద్దరు. 1798లో పదవికి వచ్చిన జేమ్సు, ఆతనికి ముందున్న విలియము. వీరు మాత్రము ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేఱు. మా విద్యార్థు లొక జట్టు రస్సెళ్లను అన్నదమ్ములను జేసి, కిర్క్‌పాట్రిక్కులను ఒక్కనినిగ జేసి తెచ్చిరి!

కిర్క్‌పాట్రిక్ అను పేరునకు స్కాట్లండులో క్లోజ్‌బర్న్ బారనెట్టుల వంశ మొకటి ప్రసిద్ధము. స్పెయినులోని మాలగా రేవున ద్రాక్షసారాయి వర్తకము చేయుచుండిన కిర్క్‌పాట్రిక్ ఒకడు తన కుమార్తెను స్పెయిను ప్రభువొకని కిచ్చునప్పుడు, తాను క్లోజ్‌బర్న్ వంశీయుడనని ఎడింబరోనుండి పత్రము తెప్పించి చూపెను. ఆ దంపతుల కుమార్తెయే ఫ్రాన్సుదేశపు చక్రవర్తిని యూజెనీ. మన రెసిడెంటును ఆ చక్రవర్తినితో ముడిపెట్టవలయునను కోరిక మా విద్యార్థులకు కలిగినది. మెట్టు మెట్టుకును ఆధారము కావలయునని చెప్పి మేము దానిని ఆపితిమి.

ఆధారమున్న మెట్టు లివి. జేమ్సు 1764లో మద్రాసున పుట్టెను. తండ్రి కంపెనీసేనలో కర్నలు, సౌందర్యమువలన "అందగాడగు కర్నలు" అని పేరొందినవాడు. తల్లి కేథరిన్ మన్రో, మద్రాసులోని కంపెనీ వైద్యుని కుమార్తె. జేమ్సు హైదరాబాదున పారసీభాషయు మొగలాయి మర్యాదలును నేర్చి, నిజామునుండి హష్మత్ జంగ్ బిరుదమును పొందెను. ఆతడు ఖైరున్నిసా అను సయ్యదువంశపు కన్యను ముస్లిము ధర్మప్రకారము వివాహమాడెను. ఆమె నిజాము కొలువులో బక్షీగ నుండిన బాకర్ అలీఖానునకు దౌహిత్రి. మీరాలం చెరువుతో మనకు పేరు తెలిసిన మీరాలంకు బంధువు. తల్లి పేరు షరఫున్నిసా. కంపెనీ గవర్నరు జనరలు వెల్లస్లీకి ఈ వివాహము మిక్కిలి యప్రియమై విచారణలు జరిగెను. మన కవి యొకచో మేలే. ఆ విచారణల కాగితములు లేకున్న వంశశోధకునకు సగము ఆధారములు దొరకకపోయెడివి.

ఇద్దరు బిడ్డలు కలిగిరి. 1801 మార్చి 4వ తేదీని పుట్టిన కుమారుడు సాహెబ్ ఆలము, 1802 ఏప్రిల్ 9వ తేదీని పుట్టిన కుమార్తె సాహెబ్ బేగము. నాటి కంపెనీ యధికారులు తమ బిడ్డలను విద్యకై ఇంగ్లండునకు పంపు నాచారము ననుసరించి, 1805లో ఐదేండ్లు నిండని యన్నయు, మూడేండ్లు దాటిన చెల్లెలును మద్రాసున ఓడ యెక్కింపబడిరి. అంతకుముందు జార్జి చిన్నరీ అను చిత్రకారుడు అచ్చటనే వారిద్దరిని హైదరాబాదు దుస్తులతో చిత్రించెను. తండ్రి మద్రాసునుండి కలకత్తాకు పోయి, ఆ యేడే అక్టోబరు 15వ తేదీని జబ్బుతో మరణించెను. అప్పటికి బిడ్డల ఓడ సముద్రముపై నున్నది. తల్లికి అప్పుడు ఇరువదియేండ్లు నిండలేదు.

1806 మార్చి 25వ తేదీని లండనులోని మేరిల్‌బన్ సెయింట్ మేరీ చర్చిలో బిడ్డలకు జ్ఞానస్నానము జరిగెను. నాటినుండి వారు విలియం జార్జి, కేథరిన్ అరోరా. వంశశోధకునకు చెట్టు తెగు స్థలమిదే. ఇంగ్లండు పుస్తకములలో సాహెబ్ బేగము అను పేరు వెదకినచో దొరకదు. హైదరాబాదు కాగితములలో కేథరిన్ కనబడదు. రెండు పేర్లను కలుపు తీగలు సన్ననివి. క్రొత్త పేర్లను చూడుడు: కుమారునకు తండ్రి సోదరుల పేర్లు విలియము, జార్జి, కుమార్తెకు నాయనమ్మ పేరు కేథరిన్. మనుమరాలికి నాయనమ్మ పేరు పెట్టుట మనకును ఆచారమే గదా! పేరు మార్చినప్పుడు ఒక నాయనమ్మను నిలిపి, బిడ్డను జోలపాడిన అమ్మమ్మను తుడిచివేసిరి.

తల్లిసంగతి విచారకరము. ఖైరున్నిసా భర్తసమాధిని చూచుటకు కలకత్తా పోయెను. ఆ దినములలో కిర్క్‌పాట్రిక్ సహాయోద్యోగిగ నుండిన హెన్రీ రస్సెల్ ఆమెకు ఆప్తుడై, పిమ్మట ఆమెను విడిచిపెట్టెను. హైదరాబాదునకు తిరిగివచ్చుటకు అనుమతి లేక ఆమె మచిలీబందరులో కొన్నియేండ్లు గడపెను. తుదకు స్వగ్రామము చేరి 1813 సెప్టెంబరులో ఇరువదియేడేండ్ల వయస్సున మరణించెను. బిడ్డలను మరల చూడనేలేదు. ఆ బిడ్డలలో విలియం జార్జి బాల్యమున మరుగునీటి కాగులో పడి వికలాంగుడై, 1828లో గతించెను.

కిట్టి అని ముద్దుపేరు గల కేథరిన్ మాత్రము ఎనుబదియారేండ్లు బ్రతికెను. ఆమె బంధువుల చెట్టును గీసినప్పుడు మా తరగతిలో ఉత్సాహము పెచ్చు పెరిగినది. పెదతండ్రి విలియం కిర్క్‌పాట్రిక్ కుమార్తెలలో ఒకతె బుల్లరు కుటుంబమునకు కోడలయ్యెను. ఆమె కుమారులకు ఇంటియుపాధ్యాయుడుగ 1822లో చేరినవాడు థామస్ కార్లైల్. మఱియొకతె జూలియా, ఎడ్వర్డ్ స్ట్రాచీని పెండ్లాడెను. భారతదేశ పాలనలో పేరు వహించిన సర్ జాన్ స్ట్రాచీ, సర్ రిచర్డ్ స్ట్రాచీ అనువారు ఆమె కుమారులు. జీవితచరిత్రలు వ్రాసిన లిట్టన్ స్ట్రాచీ ఆమె మనుమడు. 1824లో లండనునకు వచ్చిన కార్లైల్ ఈ బంధువులనడుమ కిట్టిని చూచెను. ఆతని సార్టర్ రిసార్టస్ గ్రంథములోని బ్లూమిన్ అను కన్యకు కిట్టియే మాతృక యని పలువురు విమర్శకుల యభిప్రాయము. ఆంగ్లసాహిత్యము చదువు మన కళాశాల విద్యార్థులు ఆ కన్య యే యూరిదని యడిగినచో కోఠీ అని చెప్పవచ్చును! కిట్టి 1829లో జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్ అను సైనికోద్యోగిని వివాహమాడి బిడ్డలతల్లియై, టార్క్వే పట్టణమున స్థిరపడెను.

హైదరాబాదు కొమ్మ మరల నతుకుకొన్నది ఒక పటమువలన. కిట్టి ఒకప్పుడు బర్క్‌షైరులోని స్వాలోఫీల్డ్ అను పల్లెలో హెన్రీ రస్సెల్ గృహమునకు పోవుట తటస్థించెను. అచ్చట గోడపై, తానును తన యన్నయు హైదరాబాదు దుస్తులతో నిలిచియున్న చిన్నరీ పటము కనబడెను. ముప్పదియేండ్లకు పైగా చూడని తన ముఖమును ఆమె చూచి కన్నీరు పెట్టుకొన్నదట. అంతట విచారింపగా అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదున ఇంకను జీవించియున్నదని తెలిసెను. ఉత్తరములు సాగెను. అమ్మమ్మ పారసీలో చెప్పగా లేఖకుడు బంగారురేకుల పొడి చల్లిన కాగితముపై వ్రాయువాడు. మనుమరాలు ఇంగ్లీషులో వ్రాసినది.

చిన్ననాటి యింటిని గూర్చి కిట్టి ఒక యుత్తరమున వ్రాసిన సంగతులను వంశశోధకుడు కన్నీటితోనే కాక శ్రద్ధతోను చదువవలెను. దర్జీలు కూర్చుండి కుట్టుచుండిన వసారాయు, మేడమీద తల్లి తన్ను కూర్చుండబెట్టి జారనిచ్చిన చోటును, విడిపోయిననాడు తల్లి యేడ్చుటయు తనకు జ్ఞాపకమున్నవని యామె చెప్పెను. మూడేండ్ల బిడ్డ జ్ఞాపకము న్యాయస్థానమున చెల్లునా యని మా విద్యార్థులు వాదించుకొనిరి. ఆమె చెప్పిన వసారా, మేడ ఒక అంతఃపురమునకు సరిపోవుటయు, అట్టి అంతఃపురమగు రంగమహలు రెసిడెన్సీ తోటలో నుండి తరువాతి కాలమున కూల్చివేయబడుటయు వేఱు ఆధారములవలన తెలియును. రెండు వేర్వేరు త్రోవల వచ్చిన సాక్ష్యములు ఒక్కచోట కలసినప్పుడు, బిడ్డమాటకును బలము వచ్చును.

మఱియొక ప్రశ్న వట్టి మమకారముతో తీరునది కాదు. ఇంగ్లండు చట్టము దృష్టిలో ఆ వివాహము వివాహమేనా? కిట్టి ధర్మసంతానమా, కాదా? ఆస్తివిషయములలో ఈ మాటకు వెల యుండెను. పెండ్లి సక్రమముగ జరిగినదని చెప్పగలది పెండ్లికూతురి తల్లి. వృద్ధురాలగు షరఫున్నిసా తన కుమార్తెకు నిఖా జరిగినదని సాక్ష్యము పలికినది. టిచ్‌బోర్న్ తల్లి కోరికవలన పొరబడెను. ఈ తల్లి మాటకు కిర్క్‌పాట్రిక్ సోదరుల ఉత్తరములు తోడైనవి. అవి లండను బ్రిటిష్ లైబ్రరీయందును, రస్సెల్ ఉత్తరములు ఆక్స్‌ఫర్డు బోడ్లియను గ్రంథాలయమందును భద్రముగ నున్నవి. జూలియా కుమారుడగు సర్ ఎడ్వర్డ్ స్ట్రాచీ 1893లో బ్లాక్‌వుడ్స్ పత్రికయందు ఈ వివాహకథను మొదట విపులముగ ప్రకటించెను. విలియం డాల్రింపిల్ ఆంగ్లమునందలి కాగితములతోపాటు పారసీగ్రంథములను కూడ పరిశోధించి 2002లో దానిని పెద్దపుస్తకముగ వెలువరించెను. ఇంగ్లండు కాగితములు మాత్రమే చదివియుండిన, చెట్టున తండ్రివైపు కొమ్మలే మిగిలెడివి.

అమ్మమ్మయు మనుమరాలును ఎన్నడును కలిసికొనలేదు. షరఫున్నిసా 1847 జూలైలో హైదరాబాదున మరణించెను. చిన్నరీ పటము తుదకు రస్సెల్ నుండి కిట్టికి చేరి, ఆమె 1889లో గతించిన చాలకాలమునకు చేతులు మారి హాంగ్‌కాంగులోని యొక బ్యాంకు సేకరణలోనికి పోయెను.

మా విద్యార్థులు ఈ వంశవృక్షమును పెద్దకాగితముపై గీసిరి. ఎడమప్రక్క కర్నలు, ఆయన ఇల్లాలు కేథరిన్ మన్రో. కుడిప్రక్క బాకర్ అలీఖాను, ఆతని క్రింద షరఫున్నిసా, ఆమె క్రింద ఖైరున్నిసా. నడుమ, కిట్టి గడిలో ఏ పేరు వ్రాయవలయునను విషయమై రెండు జట్లకు కొంత ఘర్షణ జరిగినది. ఒక జట్టు చర్చిపుస్తకములోని పేరే ప్రమాణమనెను. రెండవ జట్టు తల్లి పిలిచిన పేరు మొదట రావలెననెను. ప్రశ్న యడిగిన బాలుడే సుద్దముక్కతో గడిని రెండింతలు చేసి, సాహెబ్ బేగము అని పైనను, కేథరిన్ అరోరా అని క్రిందను వ్రాసెను. పటము తొమ్మిదవ తరగతి గోడపై నున్నది. చూడగోరువారు వేసవిసెలవులకు ముందే రావలెను. ఆ తరువాత గోడలకు సున్నము వేయింతురు.